వాకిట్లో తేలిన రంగు

12-2-98, గురువారం

ఖాదర్ గారి గోల్డ్‌ఫిష్ ఎట్టకేలకు దాని అసలు రంగులో ఫొటోకెక్కింది! గుణదలలో ఆయన తెరవబోయే చేపల కొట్టు బోర్డుకి ఆ ఫొటో కావాలి. ఎరుపూ తెలుపూ కలిసిన చేప. ట్యూబ్‌లైటు కింద తీస్తే తెలుపంతా పాచి పట్టినట్టు వచ్చింది. పెళ్లిళ్లకు వాడే వీడియో లైటు వేస్తే ఒళ్లంతా పసుపు పూసుకున్న పెళ్లికూతురైంది. "ఈసారీ రంగు తప్పితే వేరే స్టూడియో చూసుకుంటానండీ" అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి.

మొన్న అన్నం తింటూ మా ఆవిడ దగ్గర మొత్తుకున్నాను.

"మంగళగిరిలో చీర కొనేటప్పుడు మేం కొట్లో లైట్లని నమ్ముతామా? వాకిట్లోకి పట్టుకొచ్చి చూస్తాం. మీ చేపనీ అలాగే చూడండి" అంది పద్మ.

నిన్న పొద్దున గాజు తొట్టెని వాకిట్లోకి మోసి, ఎండ సూటిగా పడకుండా పైన నా తెల్ల పంచె కట్టి తీశాను. ఇవాళ ప్రింట్లు చూడగానే ఖాదర్ గారు "ఇదండీ నా చేప!" అంటూ స్టూడియోలో అందరికీ టీ చెప్పారు.

ఇంటికొచ్చి పద్మని తెగ పొగిడాను. ఆ ఊపులో, రేపటి పెళ్లికి నేను కొనిచ్చిన మెరూన్ చీర కట్టుకోమన్నాను. ఐదేళ్ల కిందట రాత్రిపూట కొట్లో నేనే ఏరి తెచ్చిన చీర.

"అది మెరూన్ కాదండీ, వక్కపొడి రంగు. తెచ్చిన మర్నాడే వాకిట్లో చూశాను లెండి" అని నవ్వింది.

నేనేమో ఊరందరికీ కలర్ ఫొటోలు తీసేవాణ్ణి. తనేమో ఆ రంగు తెలిసి కూడా, ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లికీ అదే కట్టుకుంటోంది...