గొంతు నేర్చుకున్న పెట్టె

జహీరాబాద్,
సోమవారం

రామ్‌కిషన్ కాకకు మహిధర్ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నా చుట్టుపక్కలవాళ్లు కూడా బాగుండాలని మాత్రం ఇవాళ కోరుకోవడం లేదు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. చిన్నమ్మ పక్కన నిలబడి నా మాటలు మళ్లీ నీ చెవిలో అరిస్తే నా కోపం సగం దారిలోనే చల్లారిపోతుంది. అందుకే రాస్తున్నాను. జగన్‌మోహన్ ఆటోలో ఈ కాగితంతోపాటు నీ మైకుసెట్టు ఆంప్లి కూడా వస్తుంది. దించుకో.

కింద ఉండే మా ఓనర్ రాఘవయ్యగారిది కోస్తా. రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నిన్న మెట్లెక్కి వచ్చి, "ఏమయ్యా, మా ఆవిడ పప్పు డబ్బాలు అలమరలోంచి వాటంతటవే దిగి వస్తున్నాయి. ఆ మిషనుంటుందో నువ్వుంటావో ఇవాళే తేల్చు" అన్నారు. పొద్దంతా ఫ్యాక్టరీలో రేకుల్ని ప్రెస్సు కింద బాదే మోత నా చెవుల్లో పోస్తారు. దాని మీద ఎవడూ మెట్లెక్కి రాడు. ఇంటికొచ్చి ఒక్క తీగ మీటితే మాత్రం లోకం మునిగిపోతుంది.

తగ్గించి వాయించొచ్చు కదా అంటావేమో. నీకు తెలియనిదా? వాల్వ్ ఆంప్లికి సగం దాటి తిప్పితే గానీ ప్రాణం రాదు. నువ్వు పెండ్లిళ్లకూ భజనలకూ తిప్పిన మైకుసెట్టు అది. నేను హైదరాబాద్‌లో పాతసామాన్ల కొట్టు నుంచి గిటార్ మోసుకొచ్చిన నాడు, దాన్ని మైకు సాకెట్‌లో గుచ్చి, "కొట్టు కొడుకా, చూద్దాం" అన్నావు. లోపలి గాజు వాల్వ్‌లు ఎర్రబడి, వాటి మీద దుమ్ము కాలిన వాసన వస్తేనే నా వేళ్లు కదులుతాయి. నాకు సంగీతం నేర్పిన గురువు ఎవడూ లేడు, ఆ వాసన తప్ప.

ఇప్పుడు వాసన లేని పెట్టె ఒకటి కొన్నాను. రొట్టెల డబ్బా అంత ఉంటుంది. దేశదేశాల ఆంప్లీల గొంతులన్నీ అందులో నకలు చేసి పెట్టారు. మీట తిప్పితే ఒకటి, ఇంకోసారి తిప్పితే ఇంకొకటి. బయటికి చీమంత చప్పుడు రాదు. రాఘవయ్యగారి పప్పు డబ్బాలు ఇక సుఖంగా ఉంటాయి.

ఇట్లు,
ఇల్లు దక్కించుకున్న
మహిధర్

తా.క. ఆంప్లి మీద నీళ్ల చెంబు పెట్టొద్దని చిన్నమ్మకు చెప్పు. వెనకటిసారి పెట్టిన మచ్చ అట్లాగే ఉంది. నేనే తుడవలేదు.


ఝరాసంగం,
బుధవారం

చిరంజీవి మహిధర్‌కు కాక దీవెనలు.

ఆంప్లి దిగింది. జగన్‌మోహన్ దాన్ని రెండు మేకపిల్లల నడుమ కూసోబెట్టి తెచ్చిండు. దారిలో ఒకటి దాని మీద పండుకున్నదట. పాపం, దానికైనా విలువ తెలిసింది.

నీ పెట్టె సంగతి చదివిన. చదివి మడిచిపెట్టి మళ్లీ చదివిన. పది మంది గొంతులు చేసే మనిషిని ఊరి జాతరలో చూసిన. నవ్వొస్తది. ఆ మనిషి ఇంటికి పోయి పెండ్లాంతో ఏ గొంతుతో మాట్లాడుతడో నాకు ఇప్పటికీ తెల్వదు. సరే, అది నీ ఇష్టం. కానీ చప్పుడు రాని పెట్టె ముందర కూసొని నువ్వు చేసేదేంది? రికార్డు పెట్టి, దానికి చేతులు ఆడిస్తున్నవా? స్టేజీ మీద అట్ల చేసేటోళ్లకు నేనే మైకు పెట్టేది. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆశీస్సులతో, కొంచెం అనుమానంతో,
నీ కాక
రామ్‌కిషన్

తా.క. దేశదేశాల గొంతులున్నాయంటివి కదా, మన ఝరాసంగం గొంతు అందులో ఉన్నదా అని మీ చిన్నమ్మ అడుగుతున్నది. అడగమని నేను చెప్పలేదు.


జహీరాబాద్,
శుక్రవారం

కాకకు మహిధర్ నమస్కారాలు, ఈసారి పళ్లు కొరుకుతూ.

చిన్నమ్మ అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. లేదు. అందులో మనది లేదు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అన్నీ నున్నగా గడ్డం గీసుకుని పెండ్లిచూపులకు వచ్చినట్టున్నాయి. అరుగు మీద కూర్చుని నాతో మాట్లాడే మనిషి వాటిలో ఒక్కడూ లేడు. నేను ఏం వాయించినా ఎవరి ఇంట్లోనో అతిథిగా ఉన్నట్టుంది. ఇట్లాగే ఉంటే గిటార్ గోడకు తగిలించి, సెలవు రోజు కూడా ఓవర్‌టైం చేసుకుంటాను.

చప్పుడు రానిది ఏం వాయిస్తున్నవని అడిగావు. నాకు వినపడుతుంది. నాకు ఒక్కడికే. పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడదు. అంతకంటే చెప్పడం నాకు రాదు. రికార్డుకు చేతులాడించేవాడినని ఇంకోసారి రాశావంటే ఉత్తరానికి జవాబు ఉండదు.

ఇట్లు,
చేతులు ఆడించని
మహిధర్

తా.క. కోపంలో రాశాను. జవాబు ఉంటుంది.


ఝరాసంగం,
మంగళవారం

బంగారు కొడుకు మహిధర్‌కు కాక గుండెలకు హత్తుకొని రాసేది.

నాకు అంతా తెలిసింది. ఇంక దాచకు.

నిన్న మీ చిన్నమ్మ కండ్ల దవాఖానకు వచ్చి, నీకు జొన్నరొట్టెలు ఇచ్చిపోదామని మీ ఇంటికొచ్చింది. తలుపు తీసే ఉన్నదట. నువ్వు మంకీ క్యాప్ పెట్టుకొని, కండ్లు మూసి, తల ఊపుకుంట గిటార్ కొడుతున్నవట. గిటార్ నుంచి టిక్కు టిక్కు తప్ప ఏం రాలేదట. "మహీ" అని పిలిచిందట. పలుకలేదట. మళ్లీ పిలిచి, తలుపు కొట్టి, గిన్నెతోని గడప మీద కూడా కొట్టిందట. నువ్వు నవ్వుకుంట కొడుతనే ఉన్నవట. ఇంటికొచ్చి ఒక్కటే మాట అన్నది: "నువ్వు కూడా మొదట్ల గిట్లనే ఉంటివి."

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీసిన. నాకు ఒక్కడికే వినపడుతుంది అని రాసినవు. కొడుకా, నాకు కూడా అట్లనే వినపడుతది. పాత పాటలన్నీ తలకాయలో మోగుతయి, బయట ఏముండదు. నీకు ప్రెస్సు మోత సగం చేసింది, నా ఆంప్లి మిగతా సగం చేసింది. నేను నీ చేతికి పండు ఇస్తున్న అనుకొని విషం ఇచ్చిన.

అందుకే నిర్ణయం చేసిన. వచ్చే సోమవారం ఆ ఆంప్లిని విప్పి, వాల్వ్‌లు తీసి, దాని చెక్కను పొయ్యిలో పెడుత. ఇంకొకరి చెవులు తినకుండ.

నీ దుఃఖంలో పాలుపంచుకునే
కాక

తా.క. దవాఖానల నాకిచ్చిన చెవి మిషను పంపుతున్న. అది ఈల వేస్తది. భయపడకు.


జహీరాబాద్,
గురువారం

కాకా! నమస్కారం గిమస్కారం తర్వాత. ఆంప్లి మీద చెయ్యి వేయకు!

నాకు చెవుడు లేదు. మంకీ క్యాప్ కింద హెడ్‌ఫోన్ ఉంది. పెట్టె నుంచి తీగ దానికే వస్తుంది, పాట నా చెవుల్లోనే మోగుతుంది. చలికి టోపీ పెట్టుకోవడం కూడా నేరమైపోయింది ఈ లోకంలో.

చిన్నమ్మ రొట్టెలు కింద ఇచ్చి, ఏం చెప్పి పోయిందో తెలుసా? నిన్న రాఘవయ్యగారు వచ్చి, నా ముఖానికి జానెడు దూరంలో నిలబడి, వీధి చివరి దాకా వినపడేలా, "బాబూ! దిగులు! పడకు! ఇల్లు! నీదే!" అని అరిచారు. "నాకు వినపడుతుందండీ" అన్నాను. ఆయన భార్య రాజ్యలక్ష్మిగారి వైపు తిరిగి, "పాపం, పెదాలు చూసి కనిపెట్టేస్తున్నాడే" అన్నారు. ఆమె వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చారు. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడు నా చెవులు పోపు వాసన వేస్తున్నాయి.

అసలు సంగతి విను. ఈ పెట్టెకు ఒక విద్య ఉందని నిన్ననే తెలుసుకున్నాను. నిజం ఆంప్లికి తగిలించి, ముందు మైకు పెడితే, ఇది రకరకాల కూతలు దానిలోకి పంపుతుంది. ఏ కూతకు ఆంప్లి ఎట్లా పలుకుతుందో విని ఆ గొంతు నేర్చుకుంటుంది. అంటే నీ ఆంప్లి గొంతు నా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది! కానీ అందుకు సగం దాటి తిప్పాలి. ఇంట్లో జన్మంతా చప్పుడు చేయకుండా వాయించుకోవాలంటే ఒక్కసారి ఊరు అదిరేలా మోగించాలి. నువ్వు దాన్ని పొయ్యిలో పెట్టావంటే నాకు మిగిలేవి ఆ గడ్డం గీసుకున్న పెండ్లికొడుకులే. ఆదివారం వస్తున్నా.

ఇట్లు,
రెండు చెవులూ ఉన్న
మహిధర్

తా.క. మిషను అందింది. ఈల నాకు స్పష్టంగా వినపడింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?


ఝరాసంగం,
శనివారం

మహిధర్‌కు కాక దీవెనలు.

నేను కూడా రెండేండ్లు మీ చిన్నమ్మకు "వినపడుతున్నదే" అనే చెప్పిన. రా. ఆదివారం దాక ఆగుత. వెనక చెక్క మాత్రం విప్పిన, అది లెక్కలోకి రాదు.

నమ్మని, అయినా ఎదురుచూసే
కాక

తా.క. వెల్లుల్లి మంచిదే. వాము కూడా వెయ్యమను.


జహీరాబాద్,
సోమవారం

కాకకు మహిధర్ నమస్కారాలు.

నిన్నటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. నీ మనసు ఎక్కడ నొప్పించానో అర్థం కాక రాస్తున్నాను.

అంతా బాగానే జరిగింది కదా. నువ్వే వెనక చెక్క బిగించావు, నువ్వే మైకు పెట్టావు. పెట్టె కూతలు మొదలుపెట్టగానే కొట్టంలో బర్రెలు తాడు తెంచుకున్నాయి. పక్కింటి ఇందిరమ్మ పెద్దమ్మ వచ్చి, "ఎవలింట్ల పెండ్లిరా? నాకు చెప్పనే లేదు" అని అలిగింది. నువ్వు ఆంప్లి మీద అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకుని నిలబడ్డావు. అట్లాంటి ముఖం నీది నేను చిన్నప్పుడు చూశాను, మైకు బాకాలు చెట్లకు కట్టి మొదటి పాట వేసేటప్పుడు.

తర్వాత హెడ్‌ఫోన్‌లో వాయించి చూశాను. అదే గొంతు, కాకా! వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. నా ముక్కును నేను నమ్మలేదు. నీ చెవులకు పెట్టి, మీట ఆఖరి దాకా తిప్పాను. నీకు వినపడిందని నాకు తెలుసు. నీ కనుబొమ్మలు లేచాయి. ఇంకా నేను తీగ మీటనే లేదు, నువ్వు హెడ్‌ఫోన్ తీసి నా ఒడిలో పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకున్నావు. ఆఖరి ఆటో దాకా కూర్చున్నాను. బయటికి రాలేదు.

నకలు నీకు నచ్చలేదా? నీ ఆంప్లిని దొంగతనం చేశానని అనుకున్నావా? అట్లా అయితే ముఖం మీదే తిట్టు. కోపమంటే నాకు తెలుసు, దాంతో బతకగలను. ఈ మౌనం ఏమిటో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
తప్పు తెలియని
మహిధర్

తా.క. రాఘవయ్యగారు రాత్రి పైకి వచ్చారు. హెడ్‌ఫోన్ చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటున్నారు, నేను ఆయన కోసం వాయించాలట. చెవుడే నయం.


ఝరాసంగం,
శుక్రవారం

చిరంజీవి మహిధర్‌కు కాక సిగ్గుతోని రాసేది.

నువ్వు నాకేం తప్పు చెయ్యలేదు. ఒక్కటి తప్ప.

వినపడ్డది. ఎన్నేండ్లకో నా ఆంప్లి నాకు వినపడ్డది. మొట్టమొదలు ఏం వినపడ్డదో తెలుసునా? గుయ్‌య్‌య్ మని హమ్మింగ్! నువ్వు తీగ కూడా ముట్టలేదు, అది తుమ్మెద లెక్క మోగుతనే ఉన్నది. లోపల కరెంటు గుయ్‌మనకుండ ఆపే కండెన్సర్లు ఎండిపోయినయి, ఎప్పుడు ఎండినయో ఏమో. నా చెవులు ముందు పోయినయి, అవి తర్వాత పోయినయి, నాకెట్ల తెలుస్తది? దాన్ని పట్టుకొని ఎన్ని పెండ్లిళ్లు చేసిన! పంతులు మంత్రం చదువుతుంటే వెనక గుయ్‌మన్నది. ఒక్కడు చెప్పలేదు. నాకు బాధైతదని మర్యాదకు ఊకున్నరు. నువ్వు ముఖం మీద కొట్టినట్టు మాట్లాడేటోడివి, నువ్వన్న చెప్పొద్దా? అదే నీ తప్పు.

సిగ్గుకు తలుపు వేసుకున్న. తెల్లారి లేచి బీదర్ పోయి కండెన్సర్లు తెచ్చి టంకం పెట్టిన. ఇప్పుడు చెయ్యి పెట్టి చూస్తే పండుకున్న పసిపిల్ల వీపు లెక్క ఉన్నది, వణుకే లేదు. ఇందిరమ్మను పిలిచి వినమన్న. "కరెంటు పోయిందా?" అన్నది. అంత సాఫ్ అయింది.

నీ పెట్టె నేర్చుకున్నది రోగపు గొంతు. అది చెరిపెయ్. ఈ ఆదివారం రా, మంచి గొంతు నేర్పుదాం. హెడ్‌ఫోన్ మరవకు. ఈసారి నువ్వు కొట్టేదాక వింట.

నీ మేలు మరవని
కాక రామ్‌కిషన్

తా.క. చెవి మిషను వాపసు తే. ఈల ఎందుకు వేస్తదో విప్పి చూస్త.

బిడ్డా మహీ, కాగితం ఆటోకియ్యమని ఆయన నా చేతికిచ్చిండు. అడుగున జర జాగ ఉన్నది, నేను రాస్తున్న. ఆయనకు చెవులు పోయినంక నేను పిలిస్తే పలుకడు. చేన్ల నుంచి వచ్చి గడపల నిలవడితే ఆయన ముందరి ఆంప్లి గుయ్ అనేది, ఇంట్లనే ఉన్నడు అనుకొని కాళ్లు కడుక్కునేది. ఇప్పుడు ఇల్లంత సప్పుడు లేదు. మొన్న భయపడి బర్రెల కొట్టం దాక పోయి ఎతికిన, ఆయన లోపల్నే ఉన్నడు. నువ్వు నీ పెట్టెల ఉన్న ఆ గుయ్ గొంతును చెరపకు. చెరిపిన అని ఆయనకు రాయి. ఆదివారం ఆయన టంకం పెట్టుకుంట కూసున్నప్పుడు, వంటింట్లకు వచ్చి జర నా చెవులకు పెట్టు. పాట ఏం కొట్టకు.