కింద గదిలో కమల సామాను

కోరాపుట్,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకి,

చెల్లెలు సత్యవతి దండం పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలు వేళకి తింటున్నారా? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఈ ఇంట్లో ఏ మూల మాట్లాడినా ఇంకో మూలకి వినిపిస్తుంది. కొన్ని సంగతులు కాగితం మీదే చెప్పుకోగలను.

నేను పెళ్ళై, ఘాటీ రోడ్డున ఈ కొండలెక్కి వచ్చి ఏడు నెలలు నిండాయి. వానలు మొదలయ్యాయి. పొద్దున్న తలుపు తీస్తే మంచు ఇంట్లోకే వచ్చేస్తుంది. ఉతికిన చీర మూడు రోజులకైనా ఆరదు. వెదురు కొమ్ముల కూర వాసన మొదట్లో పడేది కాదు, ఇప్పుడు ఇష్టంగా తింటున్నాను. ఒంట్లో ఏ జబ్బూ లేదు, బెంగపడకు. అలిసిపోయాను, అంతే.

రోడ్డు వెడల్పు చెయ్యడానికని మా ఆయన కిరాణా కొట్టు వెనక గోడౌను కొట్టేశారు. బియ్యం, పప్పు బస్తాలన్నీ ఇంటికి చేర్చాల్సి వచ్చింది. మా ఇల్లు వాలులో ఉంది కదా, రోడ్డు మీద నుంచి చూస్తే ఒక్క అంతస్తే. వెనక మెట్లు దిగితే ఇంటి కిందే, సగం నేలలోకి, ఓ పెద్ద గది ఉంది. ఆయన మొదటి భార్య కమల పోయినప్పుడు ఆమె సామానంతా అందులో పడేసి తాళం వేశారట. ఐదేళ్ళుగా ఎవరూ తియ్యలేదు.

"వానలు ముదిరేలోగా కాళీ సేసీయాల" అని ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"ఏటి ఉంచాల, ఏటి పారీయాల?" అని అడిగాను.

"నీకు తోసినట్టు సెయ్యి" అని కొట్టుకి వెళ్ళిపోయారు. ఒక్క మెట్టు కూడా దిగలేదు.

మా పెళ్ళిలో మూల కూర్చున్న ముసలామెను చూశావు కదా, బంగారమ్మ. కమల తల్లి. వేరే దిక్కు లేక, కూతురు పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. నేను పెద్దమ్మా అంటాను, ఆమె అమ్మీ అంటుంది. అన్నానికి పిలవడానికి తప్ప మా మధ్య పెద్దగా మాటలుండేవి కావు.

మూడు వారాలు ఆ గదితోనే సరిపోయింది అప్పా. తలుపు తొయ్యగానే చెమ్మ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. చెదలు పట్టిన పరుపు, మూతల్లేని డబ్బాలు, తుప్పు పట్టిన గ్యాసు పొయ్యి, కట్టలకొద్దీ పాత పేపర్లు. పనికొచ్చేవి ఒక పక్క, ఎవరికైనా ఇచ్చేవి ఒక పక్క, పాత సామాన్లవాడికి వేసేవి ఒక పక్క పెట్టాను. మెట్లెక్కి దిగి నడుము పట్టేసింది. పెద్దమ్మ రోజూ పై మెట్టు మీద కూర్చుని చూసేది. వద్దనదు, సరే అనదు. తిట్టినా బాగుండేది. కమల చీరలు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాను. తీసుకుని మంచం కిందకి తోసేసింది.

చివరికి కాలితో తొక్కే కుట్టుమిషను మిగిలింది. చక్రం బిగుసుకుపోయింది. సామాన్లవాడు "మా, ఏటా నేబి?" అన్నాడు ఒడియాలో, దీన్ని పట్టుకెళ్ళనా అని. ఎవరినీ అడిగే ఓపిక నాకు లేకపోయింది. తీసుకుపొమ్మన్నాను. అది పైకి తెస్తుంటే పెద్దమ్మ కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

మర్నాడు పొద్దున్న టీ పట్టుకెళ్తే పెద్దమ్మ మంచం ఖాళీ. చీరల మూటా లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి పరిగెత్తాను. సాలూరు బస్సులో, కిటికీ పక్కన, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికెల్తన్నావు పెద్దమ్మా?"

"మా ఊరికి."

"అక్కడెవలున్నారు?"

"ఎవలూ నేరు. కమల సామానంతా పోనాది. ఇంక నానే మిగిలేను. మీరు పొమ్మనక ముందే పోతే మర్యాదగుంటాది కదమ్మీ."

నేనూ బస్సెక్కాను. పక్కన కూలబడ్డాను. నిజం చెబుతున్నాను అప్పా, ఆ బస్సు కదిలితే మధ్యాహ్నానికి నీ గుమ్మంలో ఉంటానని ఒక్క నిమిషం ఆశ పుట్టింది. ఇంక ఏ మెట్లూ ఎక్కక్కర్లేదు అనిపించింది.

"నువ్వెల్తే నానూ వచ్చీస్తాను. సాలూరులో మా అప్ప ఉన్నాది. ఇద్దరం ఆళ్ళింటికే పోదుం" అన్నాను. ఏడుపొచ్చేసింది. "మిసను అడక్కుండా ఇచ్చీసేను. తప్పయిపోనాది పెద్దమ్మా."

ఆమె నా కాళ్ళ వంక చూసింది. "సెప్పుల్నేకుండా సాలూరెల్తావేటి? దిగు" అంది.

ఇద్దరం ఇంటికొచ్చాక సంగతి విని ఆయన కొట్టు మూసేసి మిషను కోసం ఊరంతా తిరిగారు. అప్పటికే మిషను ముక్కలు చేసేశారట. ఒక్క చక్రం దొరికింది. తెచ్చి ఆమె ముందు పెట్టి తలొంచుకుని నిలబడ్డారు.

"దీనికోసం తిరిగేవేటి బాబూ?" అంది పెద్దమ్మ. "కమలకి కుట్టడమెక్కడొచ్చు? నాలుగు జాకెట్లు కత్తిరించి పాడుసేసి వొగ్గీసింది."

"ఐదు. నా సొక్కా ఒకటి" అన్నారు ఆయన. నవ్వబోయి, అక్కడే కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్నారు. నేను వచ్చాక ఈ ఇంట్లో కమల పేరు పైకి వినబడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఆయన నాతో కింద గదిలోకి దిగారు. సున్నం వేశాం. ఇటుకల మీద చెక్కలు పరిచి బస్తాలు పేర్చాం. "గోడకానించకండి, సెమ్మ లాగుతాది" అని పెద్దమ్మ పైనుంచి అరుస్తూనే ఉంది. ఇంకా సగం సరుకు రావాలి. నా నడుము నొప్పి ఇంకా తగ్గలేదు.

వీలుంటే పాత నూలు చీరలు రెండు పంపు, బొంత కుట్టుకోవాలి. కొత్త చింతపండు కొంచెం. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా గురించి దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ఇప్పుడే పెద్దమ్మ వచ్చి ఎవరికి రాస్తున్నావంది. మా అప్పకి అన్నాను. "నానొకదాన్ని ఉన్నానని రాయి" అంది. రాస్తున్నాను అప్పా. ఈ ఇంట్లో మేం ముగ్గురం ఉన్నాం. దీవిస్తే ముగ్గురినీ కలిపి దీవించు.

నీ చెల్లెలు,
సత్యవతి