పంకా రెక్క బిగిసిన రోజు

నార్డ్‌బై,
జూన్ 10, 2003

నా లోర్నాకి,

నువ్వు డులూత్ వెళ్ళి ఎనిమిది రోజులయింది. మీ అక్క కొత్త తుంటి ఎలా ఉంది? ఆపరేషన్ చేసింది తుంటికి మాత్రమేననీ, నోటికి కాదనీ నాకు తెలుసు కాబట్టి నిన్ను తలుచుకుని జాలిపడుతున్నాను. ఫోన్లో నేను "ఆఁ? ఏంటీ?" అని అరవడం, నువ్వు అవతల నుంచి ఇంకా గట్టిగా అరవడం, మనం పోట్లాడుకుంటున్నామని ఆవిడ బెంగ పెట్టుకోవడం... ఇదంతా ఎందుకని ఉత్తరం రాయమన్నావు. మంచి పని చేశావు. నలభై ఏళ్ళు ఇంజిన్ల పక్కన కూర్చున్న చెవులు ఫోనుకి పనికిరావు.

శనివారం సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పేపర్లో నా ఫోటో కూడా వేశారు, నోరు తెరుచుకుని ఉన్నాను. జరిగింది చెబుతాను, ఆ రాతలు నమ్మకు. నీ సవతి ఆగ్నెస్‌ని, అదే మా సంఘం పాత బాంబర్ విమానాన్ని, తీసుకుని మామూలుగానే బయలుదేరాం. నేను, పక్క సీట్లో కో-పైలట్ జనీన్, మా వెనక బల్ల మీద మెకానిక్ క్లెమ్, మిగతా చోట్ల నలుగురు ప్రయాణికులు. వాళ్ళలో ప్రూయిట్ అని ఎనభై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. యుద్ధంలో ఇలాంటి బాంబర్‌లోనే తుపాకి దగ్గర కూర్చున్నవాడట. పన్నెండు నిమిషాలు హాయిగా ఎగిరాం. అప్పుడు క్లెమ్ నా వీపు మీద చరిచి "ఆర్విడ్! ఎడమది!" అని అరిచాడు. చూస్తే ఎడమ ఇంజిన్ మూత మీద నల్లగా నూనె పారుతోంది. ఆ వెంటనే లోపల ఏదో విరిగింది. విమానం మొత్తం ఎడమ పక్కకి ఒరిగిపోయింది.

మిగిలిన ఒక్క ఇంజిన్‌తో తిరిగి వచ్చాం. కుడి కాలితో పెడల్‌ని తొక్కి పట్టి పదకొండు నిమిషాలు కూర్చున్నాను, దిగాక ఆ కాలు గంటసేపు వణికింది. చక్రాలు దించాక ఇంక మళ్ళీ పైకి లేచే వీలు లేదు, ఒక్కటే అవకాశం. అది దక్కింది. మన వాళ్ళు కేకు తెప్పించి నా చేత కోయించారు. ప్రూయిట్ గారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఒక్క ఇంజిన్‌తో నేను మూడుసార్లు వచ్చానయ్యా, ఒక్కసారీ ఎవడూ కేకు పెట్టలేదు" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ డొక్కు బాంబర్‌లో ఏముందని పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్నావు. ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కడుపు కింద నిచ్చెన ఎక్కి లోపలికి దూరితే నూనె, పెట్రోలు, ఎవరెవరివో పాత చెమటలు, అన్నీ కలిసిన వాసన. ఇంజిన్ మొదట దగ్గుతుంది, తెల్లటి పొగ కక్కుతుంది, అలుగుతుంది, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. అప్పుడు చప్పుడు చెవుల్లోంచి కాదు, పళ్ళలోంచి వినిపిస్తుంది. నేల మీద ముందు చక్రం మన మాట వినదు, బ్రేకులు ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ బతిమాలుకుంటూ తీసుకెళ్ళాలి. గాల్లోకి లేచాక నూట నలభై అయిదు మైళ్ళ వేగం వచ్చేదాకా ఎవరం మాట్లాడం. ఆ లోపల ఒక ఇంజిన్ పోతే రెండోది మొయ్యలేదు. అది దాటాక జనీన్ వేలు ఎత్తి చూపిస్తుంది, అప్పుడు ఊపిరి వదులుతాం. తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. ముందు అడగాలి, తర్వాత ఆగాలి, తనకి బుద్ధి పుట్టినప్పుడు తిరుగుతుంది. కింద మొక్కజొన్న చేలు, చెరువులు, చేతులడ్డం పెట్టుకుని పైకి చూసే మనుషులు. అక్కడ నాకు డెబ్బై ఒక్క ఏళ్ళని ఎప్పుడూ గుర్తు రాదు లోర్నా.

నువ్వు వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళిన హాట్‌డిష్ నిన్నటితో అయిపోయింది. త్వరగా వచ్చెయ్యి.

నీ ఆర్విడ్

నార్డ్‌బై,
జూన్ 17

లోర్నా, నా ప్రాణమా,

మొన్నటి ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ రాయలేదు. కానీ రాయాల్సింది రాయలేదు. ఈ వారమంతా ఊళ్ళో కనబడ్డవాళ్ళల్లా నాతో కరచాలనం చేస్తున్నారు. చెయ్యి ఇచ్చినప్పుడల్లా భుజంలో నొప్పి, దాని వెనకాలే సిగ్గు.

ఆ భుజం సంగతే ముందు చెప్పాలి. డిసెంబర్ నుంచి నా కుడి భుజం బాగా లేదు. చెయ్యి పైకి లేవడం లేదు. ఒంట్లో ఏది చెడినా మొదట నీకే చెబుతానని మాట ఇచ్చాను. చెప్పలేదు. చెబితే డాక్టర్ అంటావు, డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన కాగితం మీద రాస్తాడు, రాస్తే ఆగ్నెస్ సీటు పోతుంది. ఇంజిన్ ఆగినప్పుడు ఎర్ర బొత్తాం నొక్కి, ఇంజిన్ ముందుండే పంకా గాలికి అడ్డుపడి విమానాన్ని వెనక్కి లాగకుండా దాన్ని నిలబెట్టింది నేనని పేపర్లో రాశారు. నేను కాదు. చెయ్యి చాచాను, సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. జనీన్ ఒక్క మాట కూడా అనకుండా తను నొక్కింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇది చిన్న తప్పు. పెద్దది ఇంకోటి ఉంది.

ఇలాంటి ఇంజిన్లు కొన్ని రోజులు కదలకుండా ఉంటే నూనె కిందికి జారి అడుగున ఉన్న సిలిండర్లలో చేరుతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు పంకా రెక్కల్ని చేత్తో తిప్పుతాం. ఒకరి వెనక ఒకరం వరసగా నడుస్తూ, ఒక్కొక్కళ్ళం ఒక్కొక్క రెక్కని తోస్తూ, పన్నెండు లెక్కపెడతాం. నువ్వు చూశావు, చర్చిలో ప్రసాదానికి నిలబడ్డట్టున్నారని వెక్కిరించావు కూడా. ఎక్కడైనా రెక్క బిగిసిందంటే "ఆపండి" అని అరవాలి. అందరూ చేతులు తీసెయ్యాలి. ప్లగ్గులు విప్పి నూనె కార్చాలి, సగం రోజు పోతుంది. బలవంతాన తోస్తే లోపల పిస్టన్ రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డు ఆ రోజే విరగదు. తనకి తోచిన రోజున విరుగుతుంది.

మే ఇరవై నాలుగున నా చేతిలో రెక్క బిగిసింది.

తోశాను, కదల్లేదు. భుజంలో మంట లేచింది. నేనేం అనుకున్నానో తెలుసా? రెక్క బాగానే ఉంది, నేనే బాగా లేను అనుకున్నాను. ఆర్నెల్లుగా జాడీ మూత తిరగకపోయినా, గరాజ్ తలుపు లేవకపోయినా తప్పు నా భుజానిదే కదా, ఇదీ అంతే అనుకున్నాను. వెనక నిలబడ్డ క్లెమ్ "ఏరా ముసలోడా, నీ పని అయిపోయినట్టుందే! మా అమ్మని పిలవనా తొయ్యడానికి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఛాతీ ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాను. కదిలింది. గెలిచానని సంతోషపడ్డాను కూడా.

ఇప్పుడు ఇంజిన్ విప్పి చూశారు. అడుగు సిలిండర్ రాడ్డు వంగి, ఆ వంపు దగ్గరే విరిగింది. ఎవరో, ఎప్పుడో బలవంతాన తోశారని అందరికీ అర్థమైంది, కానీ ఆ రోజు నేను ఆగింది ముసలితనం వల్లేననుకున్నారు కాబట్టి నన్ను ఎవరూ అనుమానించలేదు. "రెక్కలు తిప్పాము, తేలికగా తిరిగాయి" అనే కాగితం మీద ఉన్న సంతకం క్లెమ్‌ది. "సంతకం నాది, తప్పు నాది" అంటున్నాడు వాడు. ఇరవై తొమ్మిదో తారీకు ఆదివారం సంఘం మీటింగులో తప్పుకుంటాడట. నిన్న తన పనిముట్ల పెట్టె ఇంటికి పట్టుకుపోయాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ పెట్టె హ్యాంగర్ దాటడం నేను చూడలేదు. ఆ పెట్టెకి రెండో పక్క పట్టుకుని కారులో పెట్టించింది నేనే లోర్నా. ఎడం చేత్తో.

చెబితే సీటు పోతుంది, వాడి స్నేహమూ పోతుంది. చెప్పకపోతే వాడి పేరు పోతుంది. గాల్లోకి లేచిన కొత్తలో, ఆ మొదటి క్షణాల్లో రాడ్డు విరిగి ఉంటే ఏడుగురం పోయేవాళ్ళం. కళ్ళు మూసుకుంటే అదే కనబడుతోంది. నన్నేం చెయ్యమంటావో రాయి.

నీ ఆర్విడ్

డులూత్,
జూన్ 21

ఆర్విడ్,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మా అక్క "ఏం రాశాడు, ఏం రాశాడు" అని ప్రాణం తీస్తుంటే బాత్రూంలో గడియ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నీ భుజం సంగతి నాకు ఫిబ్రవరి నుంచే తెలుసు. కోటు తొడుక్కునేటప్పుడు కుడి చెయ్యి ముందు దూర్చి, తర్వాత గోడకి ఆనుకుని మిగతాది లాక్కుంటున్నావు. పై అరలో ఉండే కాఫీ డబ్బా కింది అరలోకి దిగొచ్చింది. నలభై ఆరేళ్ళు కాపురం చేసినదానికి ఇవి కనబడవా? అడగలేదు, ఎందుకంటే అడిగితే నువ్వు అబద్ధం చెప్పేవాడివి, నిజం చెబితే వేసవంతా ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెట్టేవాడివి. నాకు రెండూ ఇష్టం లేకపోయాయి. కాబట్టి ఇందులో నాకూ కొంచెం పాలు ఉంది. అది నేను పడతాను.

కానీ నన్నేం చెయ్యమంటావు అని అడగడం ఏంటి? నేను చెబితే చేసినట్టు, రేపు కష్టమొస్తే "లోర్నా చెప్పింది" అనుకోవడానికా? నేను నిన్ను క్షమించడం చాలా సులువు. నువ్వు అన్యాయం చేసింది నాకు కాదు. నాకు ఉత్తరం రాస్తే క్లెమ్‌కి చెప్పినట్టు కాదు. వాడి ఇల్లు మనింటికి నాలుగు వీధుల దూరం. స్టాంపు కూడా అక్కర్లేదు.

నువ్వు బతికి దిగినందుకు ఇప్పటికి మూడుసార్లు ఏడ్చాను. ఇంకోసారి ఏడవనివ్వకు.

లోర్నా

నార్డ్‌బై,
జులై 3

నా లోర్నాకి,

చెప్పేశాను.

మీటింగు ముందు రోజు, శనివారం పొద్దున వాడింటికి వెళ్ళాను. గరాజ్‌లో ఉన్నాడు. చుట్టూ పాత కాగితాలు, మూడేళ్ళ చెకింగ్ రికార్డులన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఎక్కడ తప్పు చేశానా అని వెతుకుతున్నాడు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. భుజం, బిగిసిన రెక్క, ఛాతీ పెట్టి తొయ్యడం, పెట్టె ఎత్తించడం, అన్నీ.

వాడు చేతిలో ఉన్న కాగితాన్ని నేల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు. "ఆ రోజు నేను వెక్కిరించకుండా ఉంటే ఆపమని అరిచేవాడివా?"

అవునని ఉంటే వాడికి సగం అంటగట్టినట్టయ్యేది. "లేదు. అప్పటికే భుజం దాచాలనుకున్నాను. నువ్వు నోరు మూసుకున్నా నేను తోసేవాణ్ణే" అన్నాను. అది నిజం.

"ఇన్ని రోజులు నేనే ఏడుగుర్ని చంపబోయాననుకున్నా. నువ్వేమో రోజూ నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగావు. రెండో కప్పు పోయించుకున్నావు కూడా" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఇంక వెళ్ళు ఆర్విడ్" అన్నాడు. వచ్చేశాను.

ఆదివారం అందరి ముందూ లేచి అదే చెప్పాను. పైలట్ల జాబితాలో నా పేరు నేనే కొట్టేయమన్నాను. ఎర్ర బొత్తాం నొక్కింది జనీన్ అని కూడా చెప్పాను. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఇక నుంచి ఆగ్నెస్‌లో నేను కూర్చునే ఎడమ సీటు తనదే. ఇంజిన్ బాగై వచ్చాక తనే ఎగరేస్తుంది. నేను నేర్పానని గర్వంగా ఉంది, నేను లేకుండా వెళుతుందని కడుపులో మండుతోంది. రెండూ నిజమే. ఎవరూ తిట్టలేదు, అలాగని నాతో కరచాలనమూ చెయ్యలేదు. క్లెమ్ తప్పుకోవద్దని ఓటు వేశారు. వాడు నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చి ఆ ఖాళీ ఇంట్లో కూర్చుని ఏడ్చాను లోర్నా. సీటు కోసం సగం, వాడి కోసం సగం అనుకున్నాను. కాదు, చాలావరకు వాడి కోసమే.

సోమ, మంగళ, బుధ వారాలు వాడి జాడ లేదు. ఇవాళ పొద్దున ఏడింటికి బయట హారన్ మోగింది, నాకు కూడా వినిపించేంత గట్టిగా. చూస్తే వాడి ట్రక్కు. కిటికీ దించి ఉంది.

"పదింటికి రోచెస్టర్‌లో భుజాల డాక్టర్. మా కోడలు మాట్లాడి టైం ఇప్పించింది" అన్నాడు రోడ్డు వైపే చూస్తూ.

"క్లెమ్..." అన్నాను.

"మాట్లాడకు. నాకు నీ మీద కోపం ఇంకా పోలేదు. ఇప్పట్లో పోదు కూడా. అది పోయేదాకా ఆగితే నీ చెయ్యి పూర్తిగా పడిపోతుంది. ఎక్కు."

ట్రక్కు ఎక్కాక సీటు బెల్టు లాక్కోబోతే నా చెయ్యి అందలేదు. వాడు బండి స్టార్ట్ చెయ్యకుండా ఆగి, నా మీదుగా వంగి బెల్టు లాగి, తనే బిగించాడు. ఆ తర్వాతే తాళం తిప్పాడు.

డాక్టర్ గది బయట కూర్చుని ఇది రాస్తున్నాను, కుడి చెయ్యి ఇవాళ మరీ నొప్పి పెడుతోంది, అందుకని ఎడం చేత్తో, అక్షరాలు అష్టవంకరలు పోతుంటే నవ్వకు. వాడు పక్క కుర్చీలో చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళి పడుకోరా, బస్సులో వస్తాలే అంటే లేవడం లేదు.

నీ ఆర్విడ్