పన్ను మిగులుతుందని నా పేరున పెట్టిన ఆస్తులు

ఈ వీధిలోని పరుపుల దుకాణానికి యజమానురాలినీ, ఆ దుకాణం మేనేజరు గారికి భార్యనూ అయిన నేను, మతి స్థిమితంగా ఉండగా, కళ్ళజోడు పెట్టుకుని, ఎవరూ పక్కన నిలబడి తొందరపెట్టకుండా, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. నా మతి మీద ఇంట్లో ఈ మధ్య అనుమానాలు పుట్టాయి గనక డాక్టరు గారి సర్టిఫికెట్టు కూడా జత చేశాను. ఇన్నేళ్ళూ చదవకుండా సంతకాలు పెడుతున్నప్పుడు ఎవరికీ రాని అనుమానం, చదివి, సంతకం పెట్టనన్నాక వచ్చింది.

ముందు ఈ ఆస్తులు నాకెలా వచ్చాయో చెప్పాలి. పుట్టింటివాళ్ళు ఇవ్వలేదు. నేను కుట్టిన గలేబులకు ఎవరూ కూలి కట్టలేదు గనక సంపాదించానని కూడా అనలేను. ఇవి నాకు పన్ను పెట్టిన భిక్ష. మా ఆడిటరు గారు ఏటా వచ్చి, కుర్చీలో కూలబడి, "రూల్సు మారాయండీ" అనేవారు. అంతే, మా ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క ఉండేది కాదు. ఒక ఏడు, ఆడవాళ్ళ పేరున ఉంటే రాయితీ అన్నారు, దుకాణం నాదైంది. ఇంకో ఏడు ఇంకేదో మారింది, ఇల్లు నాదైంది. ఆ తర్వాత మేనేజరు జీతం ఖర్చు కింద రాసుకోవచ్చన్నారు. కట్టుకున్న మొగుడు నా దగ్గర జీతగాడయ్యాడు. ఇదంతా ఏమిటని ఒకసారి అడిగాను. "ఊరికే పేరుకేలేవే పిచ్చిదానా, ఇక్కడ పెట్టు" అన్నారు. పెట్టాను.

పోయిన ఏడు పన్నుల ఆఫీసుకు అనుమానం వచ్చి యజమానురాల్ని స్వయంగా రమ్మంది. ఇంట్లో హడావుడి చూడాలి! వారం పాటు ఆడిటరు గారూ మా ఆయనా చెరోపక్క కూర్చుని నాకు పాఠం చెప్పారు. ఎవరేమడిగినా "అంతా నాదే, నా ఇష్టమే" అనాలి. పప్పు తాలింపు వేస్తూ అన్నాను, బట్టలు ఆరేస్తూ అన్నాను. ఆఫీసులో ఫైళ్ళ గుట్టల వెనక కూర్చున్న ఆఫీసరమ్మ అడిగితే తడుముకోకుండా అన్నాను. మా ఆయన కూడా, "ఇందులో నాకు ఏ హక్కూ లేదు, నేను జీతం తీసుకునే మనిషిని" అని రాసి సంతకం పెట్టారు. కేసు కొట్టేశారు. బయటికొచ్చి వాళ్ళిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. అన్నిసార్లు అన్న మాట నాకు మాత్రం నోట్లోంచి పోలేదు. ఆఫీసరమ్మ ఇచ్చిన నకళ్ళు ఇంటికి తెచ్చుకుని చదివాను. అంతా నాదే.

ఇక పంపకాలు.

ఒకటి. దుకాణమూ, దాని పైన ఉన్న ఇల్లూ, దూది ఏకే మిషనూ, దబ్బనాలూ నా కూతురికి. బాకీపెట్టి మొహం చాటేసిన గిరాకీలు కూడా దానికే. వసూలు చేసుకునే నోరుంది. దుకాణం నడిపేది అదే. ఎవరి నడుముకు ఎంత దూది పట్టాలో చూసేది అది, బేరగాళ్ళతో గొంతు పోగొట్టుకునేది అది. మొన్న అది పరుపు కొలుస్తుంటే ఎవరో టేపు పట్టుకొచ్చి దుకాణం గోడలు కొలిచాడు. దాని అన్న, అంటే నా కొడుకు, అప్పటికే అడ్వాన్సు పుచ్చుకున్నాడట. దుకాణం పడగొట్టి కార్లు పెట్టుకునే స్థలం చేస్తారట. నా కూతురు ఆ రోజు అన్నం ముట్టలేదు.

రెండు. నా కొడుక్కి, దుకాణం బోర్డు మీదున్న "అండ్ సన్స్" అనే అక్షరాలు. ఉన్నది వాడొక్కడే అయినా బోర్డు మీద పది మంది ఉన్నట్టు రాయించారు. ఆ ముక్క జాగ్రత్తగా కోయించి వాడికివ్వాలి, ఎక్కడ తగిలించుకుంటాడో వాడిష్టం. వ్యాను కూడా వాడికే. దాని మీద పేరుకుపోయిన జరిమానాలు వ్యానుతో పాటే వెళ్తాయి.

మూడు. నా భర్తకు, నాకు నడుం పట్టేసిన ఏడు ఆయన దుకాణం మూసి, వేళ్ళు పొడుచుకుంటూ స్వయంగా కుట్టిన దూది పరుపు. అప్పటికి ఏ రూల్సూ మారలేదు. అది ఎవరి పేరునా లేదు, ఇద్దరం పడుకున్నాం. ఆయనంటే నాకు ప్రాణం, అది రికార్డు కోసం రాస్తున్నాను. అంత ప్రాణమైన మనిషి ఇన్నేళ్ళలో నాకు ఒక్క కాగితం చదివి చెప్పలేదు. అదీ నా కడుపుమంట. ఆయన బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండవచ్చు. కాగితాల్లో చూపిన జీతం నా కూతురు ఆయనకు నిజంగానే ఇవ్వాలి. పన్ను పట్టుకుని ఇవ్వాలి.

నాలుగు. ఆడిటరు గారికి మా దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన డబుల్ పరుపు. నన్ను ఆస్తిపరురాల్ని చేసిన మహానుభావుడు, ఆయన రుణం ఉంచుకోకూడదు. కాకపోతే పన్నుతో సహా బిల్లు రాసి ఇవ్వాలి; ఆ పన్ను ఆయనే కట్టుకుంటారు. రాయితీ ఏమన్నా ఉంటే ఆయనకే తెలుస్తుంది.

అయిదు. దూది ఏకే పెద్దాయనకు గాలాడే వెనక గది, ఆయన ఉండాలనుకున్నన్నాళ్ళు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పీ చెప్పీ విసిగిపోయాను, ఇక మీరెవరన్నా చెప్పండి.

ఆరు. ఇవన్నీ జరిపించే బాధ్యత నా చెల్లెలిది. రిటైరైన టీచరు, కామా తప్పినా ఊరుకోదు.

ఏడు. రూల్సు మళ్ళీ మారాయట. అంతా ఇప్పుడే కొడుకు పేరున దానపత్రం రాసేస్తే పన్ను బాగా మిగులుతుందట. "ఎటూ నీ తర్వాత వాడిదేగా" అని నిన్న కూడా కాగితం ముందు పెట్టారు. దానపత్రం రాస్తే ఆస్తి ఇవాళే పోతుంది, వీలునామా రాస్తే నేను పోయాక పోతుంది. ఈ తేడా నాకు తెలీదనుకున్నారు. నేనింకా పోలేదు. నాకు షుగరూ లేదు, బీపీ లేదు, మా అమ్మ తొంభై దాటి బతికింది. రేపటి నుంచి గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటాను. మేనేజరు గారు తొమ్మిదింటికల్లా రావాలి.

తేదీ: కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి రోజు.

(సంతకం)
యజమానురాలు

సాక్షులు:
1. పక్క షాపులో తాళాలు బాగుచేసే ఆయన
2. దీన్ని టైపు చేసిన ఆవిడ (రెండో అంశం దగ్గర నవ్వాపుకోలేక కాసేపు ఆగింది)