అరగని రాయి ముక్క

కర్నూలు,
ఆదివారం.

చెల్లెలు చౌడేశ్వరికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు రాసి చింపేశాను. మూడోసారికి కాగితాలు అయిపోతే కోడలు శివజ్యోతి పాత కరెంటు బిల్లులు తెచ్చిచ్చి, "వీటి ఎనక రాసుకో మామా, చింపినా బాధ ఉండదు" అనింది. ఆ మాటకు రోషం వచ్చి కొత్త కాగితాలు కొనుక్కొచ్చాను. కొన్నాక రాయక తప్పదు కదా.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నా మోకాళ్ళు మాత్రం వేరు కాపురం పెట్టాయి. రాయచోటిలో నువ్వూ, నీ కొడుకు ఉమామహేశ్వరా, వాడి పెళ్ళాం పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఆ ఊరి ఎండల్లో చల్లగా ఎట్లా ఉంటారో నాకు తెలియదు గానీ, ఉత్తరంలో అట్లాగే రాయాలి.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీకు వినపడదని నీ కొడుకు ఫోన్‌ను గట్టిగా పెడతాడు. నేను చెప్పేది వీధంతా వింటుంది. బస్సెక్కి రావచ్చు కదా అంటావు. వస్తే నీ ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాను. డెబ్బై నాలుగేళ్ళుగా నేను చేసిన పని అదే. ఇది నవ్వించి దాటేసే విషయం కాదు. అందుకే కాగితం.

పోయిన ఉత్తరంలో నువ్వు మూడు అడిగావు. మిషను శబ్దాన్ని ఇంట్లోవాళ్ళు ఎట్లా ఓర్చుకుంటున్నారని ఒకటి. ఎమ్మిగనూరు ఇంట్లో తాళం వేసి వచ్చిన మగ్గాన్ని పక్కింటివాళ్ళు అడుగుతున్నారు, అమ్మాలా వద్దా, "నువ్వు ఎట్లంటే అట్లే అన్నా" అని రెండు. కంబన్న బావ ఏడాది తిథి దగ్గర పడుతోంది, "నీ దగ్గరున్న ఆయన రాయి ముక్కకు మెరుగు పట్టి పంపు, ఫోటో ముందర పెట్టుకుంటాను" అని మూడు. మొదటిదానికి జవాబు సులభం. మిగిలిన రెండూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి.

మిషను సంగతి చెబుతాను. రాళ్ళకు మెరుగు పట్టే షాపొకటి మూసేస్తూ, కాయిల్ కాలిపోయిందని దీన్ని పాత ఇనుముకు వేయబోయారు. నలభై ఏళ్ళు మోటార్లకు వైండింగు చేసిన చేతులు ఊరుకుంటాయా? తెచ్చి కొత్తగా రాగితీగ చుట్టాను. దీంట్లో తిరిగే మోటారు లేదు, బెల్టు లేదు. అడుగున ఇనుప దిమ్మ, దానికి కాయిల్. గోరంత సందు వదిలి పైన ఒక ఇనుప పలక, ఆ పలక మీద గిన్నె. కిందికీ పైకీ నడుమ స్ప్రింగులు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ అవుతుంది. అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి, అంటే నూరుసార్లు కాయిల్ అయస్కాంతమై పలకను లాగి వదులుతుంది. వదిలినప్పుడల్లా స్ప్రింగులు ఎగదోస్తాయి. ఆ వణుకు కంటికి కనపడదు. చెయ్యి ఆనిస్తే భుజం దాకా జుమ్మంటుంది. స్ప్రింగులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి రాళ్ళు ఊరికే ఎగిరిపడవు. అంచు పక్కన పైకెక్కి, నడిమికి దిగి, మెల్లగా గిన్నె చుట్టూ పోతుంటాయి, నువ్వు చేటలో జొన్నలు చెరుగుతుంటే గింజలు పొర్లినట్టు. మొదట్లో స్ప్రింగులు నిట్టనిలువుగా బిగించి, రాళ్ళు ధర్నాకు కూర్చున్నట్టు కదలకపోతే మూడు రోజులు కాయిల్‌ను తిట్టాను. నాకు గురువు లేడు కదా, తప్పే గురువు.

పీపాలో వేసి దొర్లించే మిషన్లు వేరే ఉన్నాయి. వాటికి నెల పడుతుంది. ఏ రాయినైనా అరగదీసి గుండు చేసి వదులుతాయి. ఇది పది పన్నెండు రోజుల్లో పని ముగిస్తుంది, రాయి రూపం చెడదు. మొదట రాయిని అరగదీసే గరుకు కార్బొరండం పొడి, తర్వాత నడిరకం, తర్వాత మెత్తనిది, చివర మెరుగు పొడి. నీళ్ళు మాత్రం పిసినారిగా పోయాలి. ఎక్కువైతే పొడి రాళ్ళను వదిలి అడుక్కు చేరుతుంది, తక్కువైతే అంతా సంగటి ముద్దలా బిగుసుకుంటుంది. గిన్నె ముప్పాతిక నిండకపోతే రాళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుని పెచ్చులూడతాయి. పొడి మార్చే ప్రతిసారీ గిన్నెనూ రాళ్ళనూ తోమి తోమి కడగాలి. గరుకు పొడి రవ్వ ఒక్కటి మిగిలినా చివరి మెరుగంతా గీతలే. ఆ కడిగిన బురద నీళ్ళు నేను స్నానాల గది తూములో పోశాను. అది సిమెంటులా గడ్డకట్టింది. "మామా, రాళ్ళకు నునుపు తెస్తాండావు, మాకు నీళ్ళు పోయే దోవ లేకుండా చేస్తాండావు" అని శివజ్యోతి వారం రోజులు దెప్పింది. ఇప్పుడు బకెట్లో తేర్చి పెరట్లో పారేస్తున్నాను. శబ్దం అంటావా, తుమ్మెద గిన్నెలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. అలవాటైపోయింది.

ఇక ఆ ముక్క. నీకు తెలిసిన కథే, అయినా మళ్ళీ చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళ కింద, తొలకరి పడగానే బావ మగ్గం దిగి జొన్నగిరి చేలకు వజ్రాలు వెతకడానికి పోయాడు, ఏటా పోయినట్టే. నాలుగో రోజున రేగిపండంత రాయి పట్టుకుని నేరుగా నా వైండింగు షాపుకు వచ్చాడు. వజ్రమేనన్నాడు. పరీక్ష పెట్టాం, సుత్తితో. వజ్రమైతే సుత్తి దెబ్బకు చలించదని నేనొక చిన్న పుస్తకంలో చదివి ఉన్నాను. రాయి పగిలింది. "ఓస్, పలుగురాయి" అన్నాను. బావ పెద్ద ముక్క తీసుకుని పోయి కేసీ కాలువలోకి విసిరేశాడు. వెనకాలే వెళ్ళిన నేను, "చేపలకు ముక్కుపుడకలు చేయించినావు బావా" అని నవ్వాను. కందిబద్దంత చిన్న ముక్క షాపులో మిగిలితే మరలు వేసుకునే డబ్బాలో దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి ఈ కథ చెప్పేవాణ్ణి. మీ వీధిలో ఆయనకు పలుగురాళ్ళ కంబన్న అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ఊరు కాదు, నా కథ. ఆ తర్వాత ఏ తొలకరికీ ఆయన చేలకు పోలేదు.

నీ ఉత్తరం అందిన రోజే ఆ ముక్కను, తుంగభద్ర ఒడ్డున నేను ఏరుకొచ్చిన ఎర్రరాళ్ళతో పాటు గిన్నెలో వేశాను. నాలుగు రోజులకు రాళ్ళ మూలలన్నీ మొద్దుబారాయి. ముక్క అంచు మాత్రం నా వేలు కోసింది. చిన్నది కదా, పొడి సరిగా పట్టలేదులే అనుకున్నాను. మెరుగు పొడి దాకా పోయాక చూస్తే ఎర్రరాళ్ళ నిండా సన్నగీతలు. గిన్నె సరిగా కడగలేదని నన్ను నేను తిట్టుకుని, మూడుసార్లు తోమి, మెత్తని పొడితో మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ గీతలు. ఎందుకో ముక్కను పక్కకు తీసి ఆడించాను. రాళ్ళు అద్దాల్లా వచ్చాయి. మళ్ళీ వేశాను. గీతలు. చౌడమ్మా, అప్పుడు మిషను ఆపి స్టూలు మీద కూర్చున్నాను. అన్నం తినమని శివజ్యోతి రెండుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు.

మరుసటి రోజు బురుజు దగ్గర ఉంగరాల రాళ్ళు అమ్మే ఖాజాహుసేన్ దగ్గరికి పోయాను. వాడు భూతద్దంలో చూశాడు, వజ్రాన్ని పసిగట్టే పెన్నులాంటి పరికరం ఆనించి చూశాడు. అది కూత పెట్టింది. ఇంకో పరికరంతో చూశాడు. అదీ అదే చెప్పింది.

"ఏం అయ్యన్న భాయ్, యాడిదిది?" అన్నాడు.

"మా బావది."

"మిగతాది?"

"కాలవలో ఉండాది."

ఎందుకని అడిగాడు. చెప్పాను. వాడు నవ్వలేదు. వాడు నవ్వి ఉంటే బాగుండేది.

"గీత పడేది వేరే, పగిలేది వేరే భాయ్. దీన్ని ఏదీ గీయలేదు. కానీ కట్టెకు నార ఉన్నట్ల దీనికీ ఒక నార ఉంటాది. దాని మింద దెబ్బ పడితే చీలిపోతాది. సుత్తితో కొట్టి చూసి, పలుగని పారేసినోళ్ళు ఈ తట్టు శానామంది ఉండారు."

ఇంతవరకే రాసి సంతకం పెట్టవచ్చు. మొదటి రెండు ఉత్తరాల్లో అట్లాగే పెట్టాను, అందుకే చింపేశాను. ఇంకొకటి ఉంది.

పైన "పరీక్ష పెట్టాం" అని రాశాను చూడు. ఇరవై రెండేళ్ళుగా నీకూ అట్లాగే చెప్పాను. నువ్వు గుచ్చి అడిగిన రోజు, బావే కొట్టుకున్నాడని కూడా అన్నాను. ఆయన కొట్టలేదు. ఆయన ఆ రాయిని తుండుగుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని ఉన్నాడు.

"సుత్తి వద్దు బావా," అన్నాడు. "తెలిసినోళ్ళకు యాడన్నా చూపిద్దాం. రాయి యాడికీ పోదు కదా."

"వజ్రమైతే సుత్తికే సొట్ట పడతాది. ఇయ్యప్పా ఈడ!" అని నేనే లాక్కున్నాను. దిమ్మె మీద పెట్టాను. నేనే కొట్టాను. షాపులో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళ ముందర నా చదువు చూపించుకోవాలని ఉంది నాకు.

ఆ తర్వాత మీ ఇద్దరికీ పోట్లాట వచ్చినప్పుడల్లా నువ్వు ఆయన్ను ఏమనేదానివో నాకు తెలుసు. "నీ చేత్తో నువ్వే పగలగొట్టుకుంటివి, నీకు సుత్తి ఇచ్చినోడిని అనాల" అనేదానివి. ఒకసారి నేను మీ ఇంట్లో అన్నం తింటుండగానే అన్నావు. ఆయన నా వైపు చూశాడు. నేను తల వంచుకుని పప్పు కలుపుకున్నాను. ఆయన, "అవులే, నా చెయ్యే" అన్నాడు. ఆ మాటతో నన్ను కాచాడు. బతికినన్నాళ్ళూ కాచాడు. నేను మాత్రం బయటికి పోయి అదే కథను నవ్వుతూ చెప్పుకున్నాను.

ఆయన్ను అన్న మాటలు తలుచుకుని నువ్వు కుమిలిపోతావేమోనని నా భయం. వద్దమ్మా. అన్నది నీ నోరే, అనిపించింది నేను. నా మాట నమ్మడం ఒక్కటే నువ్వు చేసిన తప్పు. అన్న మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతావు? నా మీద కోపం వస్తే పట్టుకో, విడవద్దు. ఉత్తరం రాయకపోయినా సరే. తిథికి నన్ను పిలవకపోయినా సరే. పిలిస్తే మాత్రం మీ వీధివాళ్ళందరి ముందర ఈ కథ మళ్ళీ చెబుతాను, ఈసారి జరిగింది జరిగినట్టు.

మగ్గం సంగతి. నన్ను అడగొద్దు. బావ కూర్చున్న పలక మీద ఒకసారి నువ్వు కూర్చుని చూసుకో. అమ్మాలనిపిస్తే అమ్ము, ఉంచాలనిపిస్తే ఉంచు. అన్న చెప్పాడని ఇంక ఏ పనీ చేయవద్దు.

ముక్కను దూదిలో చుట్టి ఇందులో పెడుతున్నాను. మెరుగు పట్టలేదు, పట్టదు. అంచు పదునుగా ఉంది, వేలు జాగ్రత్త.

ఇట్లు,
నీ పెద్దన్న,
అయ్యన్న.

సోమవారం, పోస్టాఫీసులో నిలబడి రాస్తున్నాను. కవరు గడ్డగా తగిలిందని కౌంటర్లో ఉన్న ఆమె తెరిచి చూపించమంది. దూది విప్పి చూపించాను. "రాయే కదా తాతా, అంటించుకో" అనింది. మళ్ళీ దూదిలో చుట్టి కవర్లో పెట్టాను. గమ్ము డబ్బా ఎండిపోయి ఉంది. ఆమె తన క్యారియరు విప్పి నాలుగు అన్నం మెతుకులు ఇచ్చింది. వాటితో అంటిస్తున్నాను.