బల్లమీద గెలిచిన కార్డు

మునిర్కా, న్యూఢిల్లీ
22 జూన్ 2008, ఆదివారం

అన్నయ్యకు వైశాలి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, సుభాషిణి వదినా, అమ్మా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఫోనులో అయితే నేను రెండు మాటలు అనేలోపు నువ్వు పది అంటావు. నాకు ఏడుపొస్తుంది, చెప్పాల్సింది అక్కడే ఆగిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదివాకే ఫోను తియ్యి.

ముందు నువ్వడిగిన చిన్న ప్రశ్నలు. అన్నం మానలేదు. నాతో గదిలో ఉండే ప్రవల్లిక, ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న కరీంనగర్ అమ్మాయి, పొద్దున పప్పు వండుతుంది. రాత్రి కూర నాది. నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు. ఇంటి ఆంటీని అడిగితే "మోటర్ ఖరాబ్ హై బేటా" అంటుంది. నేను ఈ గదిలో దిగిన నాటినుంచీ అది ఖరాబే. అమ్మకి కావాలన్న ఉన్ని శాలువా ఈ ఎండల్లో ఏ షాపులోనూ బయటికి తియ్యరు. నవంబరులో కొంటాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "చిప్పు ఒకటే అయినప్పుడు రిఫరెన్స్ కార్డుకి మూడు వేలు ఎక్కువెందుకు పెట్టాలి? బయటి కంపెనీ కార్డే మంచిదని మీ పత్రికలో నువ్వే రాశావు. నా సెంటర్లో ఆ కార్డులే పన్నెండు పెడితే మూడు వారాల్లో ఐదు మొరాయించాయి, రెండు మళ్లీ వెలగనే లేదు. ఇదేం న్యాయం?" అని రాశావు. వేసవి సెలవులన్నీ కంప్యూటర్ ఆటల కోసం పిల్లలు కట్టుకట్టుకుని వచ్చే రోజుల్లో ఇలా అయిందని కూడా రాశావు. అది చదివి ఒళ్లు మండిపోయింది. నీమీద కాదు.

వదిన కూడా చదువుతుంది కాబట్టి విడమరచి చెబుతాను. తెరమీద ఆటల బొమ్మలు కదిలించే గ్రాఫిక్స్ చిప్పు చేసే కంపెనీ, దానికి సరిపడా బోర్డూ ఫ్యానూ తనే రూపొందించి ఒక నమూనా తయారుచేస్తుంది. అది రిఫరెన్స్ కార్డు. మిగతా కంపెనీలు చిప్పు మాత్రం కొనుక్కుని, సొంత ఫ్యాన్లు బిగించి, ఆకర్షణీయమైన డబ్బాలో పెట్టి తక్కువకి అమ్ముతాయి. మేం మా కంప్యూటర్ పత్రిక ఆఫీసులో కార్డుని కంప్యూటర్ పెట్టెలో పెట్టి పరీక్షించం. బల్లమీద అన్నీ విప్పి పరిచి, ఏసీ గదిలో చూస్తాం. అక్కడ నువ్వు కొన్న కార్డే గెలిచింది. రెండు ఫ్యాన్లు, చప్పుడు లేదు, వేడి తక్కువ. రిఫరెన్స్ కార్డుకి ఒకటే ఫ్యాను, అదీ మిక్సీలా అరుస్తుంది. ఒకదానికి నాలుగున్నర స్టార్లు, రెండోదానికి మూడు ఇచ్చాను. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.

కానీ మే మొదటివారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు మీద కంప్యూటర్లు నడుస్తాయి గానీ ఏసీ నడవదు. ఆ రోజే ఫొటో కోసం కార్డుని మామూలు పెట్టెలో బిగించి, తలుపు మూసి, ఆట నడిపిస్తున్నాను. గదిలో నలభై ఒక్క డిగ్రీల వేడి. నలభై నిమిషాలకి తెరంతా రంగురంగుల గళ్లు పడి కంప్యూటర్ బిగుసుకుపోయింది. చల్లారనిచ్చి మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. అదే పెట్టెలో రిఫరెన్స్ కార్డు పెడితే చెవులు చిల్లులు పడేలా అరిచింది గానీ మూడు గంటలు ఆగకుండా నడిచింది. అప్పుడు అర్థమైంది. దాని ఒంటి ఫ్యాను వేడిని పెట్టె వెనకనుంచి బయటికి ఊదేస్తుంది. రెండు ఫ్యాన్లది ఆ వేడిగాలినే పెట్టెలో తిప్పితిప్పి మళ్లీ తనే పీల్చుకుంటుంది.

ఇదంతా ఒక పేరాగా రాశాను. అది పత్రికలో రాలేదు. మా ఎడిటర్ భసీన్ సార్ కోసేశారని ప్రవల్లికతో సహా అందరికీ చెప్పాను.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు ఇది. ఏసీ ఉన్న చోట, విశాలమైన పెట్టెలో అయితే ఆ మూడు వేలు దండగే. రేకుల కప్పు కింద, చెక్క అరల్లో ఇరికించిన పెట్టెల్లో అయితే దండగ కాదు. పోయిన రెండింటి స్థానంలో రిఫరెన్స్ కార్డులు పెట్టు. మిగతావి మార్చనక్కర్లేదు. పెట్టెలని అరల్లోంచి బయటికి లాగించి, పక్క తలుపులు తీసేసి, వరసకో టేబుల్ ఫ్యాను పెట్టు. పిల్లల కాళ్లు తగలకుండా అడ్డంగా బెంచీ వేయించు.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను అన్నయ్యా. మిగిలింది రాయకుండానే కవరు అంటించేద్దామనుకున్నాను. నీ ఉత్తరంలో ఆఖరి పేజీ అడ్డం పడింది.

సాయినాథ్ సంగతి రాశావు. పన్నెండు కంప్యూటర్లూ తన చేత్తో బిగించిన మనిషి. నీతో ఆరో తరగతి నుంచీ చదివినవాడు. "నాసిరకం పవర్ సప్లయిలు పెట్టి కార్డులు కాల్చేశాడు, జనం ముందే అనేశాను, ఇక సెంటర్ మెట్లెక్కొద్దన్నాను" అని రాశావు. "కొనేముందే వాడు అడ్డుపుల్ల వేశాడు. 'కిరీటీ, ఈ రేకుల కింద ఆ కార్డులు ఆగవేమోరా' అన్నాడు. నీ పత్రిక వాడి మొహాన పెట్టి, మా చెల్లెలి కంటే నీకెక్కువ తెలుసా అన్నాను" అని కూడా రాశావు.

అతనికి నాకంటే ఎక్కువే తెలుసు.

ఆ పేరా కోసింది భసీన్ సార్ కాదు. నేనే. ఆయన నాతో అన్నది ఇంతే: "పేజ్ మే జగహ్ నహీ హై. పేరా రఖనా హై తో స్టార్స్ బదలో. తుమ్ దేఖ్ లో." పేజీలో చోటు లేదట, పేరా ఉంచితే స్టార్లు మార్చాలట, నువ్వే చూసుకో అని. స్టార్లు మారిస్తే పరీక్షలన్నీ మళ్లీ చెయ్యాలి. ఆ కార్డు కంపెనీ ప్రకటన మా వెనక అట్టమీద ఉంటుందని ఆయన ఒక్కసారీ గుర్తుచెయ్యలేదు. నాకే గుర్తొచ్చింది. ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే సంతకానికి వెళ్లిందని కూడా గుర్తొచ్చింది. పేరా ఎంచుకుని చెరిపేశాను. ఒక్క నిమిషం పట్టింది.

అది ఒక తప్పు. రెండోది అంతకంటే పెద్దది. కొనేముందు నువ్వు ఫోను చేసి, "మనకి ఏసీ లేదు కదే, పర్వాలేదా?" అన్నావు. ఆ గళ్ల తెర నా కళ్లముందే ఉంది. అయినా "నేను రాసిందే కదా అన్నయ్యా" అన్నాను. కాదంటే ఎందుకని అడుగుతావు. అడిగితే చెప్పాలి.

నీ ఉత్తరం వచ్చిన రోజు ప్రవల్లికకి నిజం చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. "నువ్వు నోరు మూసుకున్నవ్, ఆ సాయినాథ్ మాటలు పడ్డడు. నీకు ఏడుపెందుకే? ఏడ్వాల్సింది ఆయన" అని తన పుస్తకాల్లో పడిపోయింది.

మొన్న శుక్రవారం భసీన్ సార్ గదికి వెళ్లి దిద్దుబాటు వెయ్యాలన్నాను.

"కిస్ బాత్ కా? నంబర్ గలత్ థే?" దేనికి, అంకెలు తప్పా అన్నారు.

"నంబర్ సహీ థే సర్. టేబుల్ గలత్ థా." అంకెలు సరైనవే, పరీక్షించిన బల్లే తప్పన్నాను.

ఆయన నవ్వారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. అంకెలు తప్పు కానప్పుడు దిద్దుబాటు వెయ్యరట. "కోయీ రీడర్ లిఖే తో ఛాప్ దేంగే" అన్నారు. పాఠకుడెవరైనా రాస్తే వేస్తారట. ఇన్ని వారాలుగా నా లోపల ఉడుకుతున్నదానికి దారి అంత తేలిక. ముందే అడగనందుకు ఇంకా కోపమొస్తోంది.

అందుకని నువ్వు రాయి. పాఠకుల ఉత్తరాల పేజీకి, నా పేరు పెట్టి, జరిగింది జరిగినట్టు. చెల్లెలినని మెత్తగా రాయకు. కింద జవాబు నేనే రాస్తాను, ఆ మధ్యాహ్నం రీడింగులతో సహా. ఆ పేజీ చూసి పర్మనెంటు కాగితం వెనక్కి తీసుకుంటారేమో తెలియదు. తీసుకుంటే తీసుకోనీ.

సాయినాథ్‌కి కూడా విడిగా ఉత్తరం రాశాను. ఆ రోజు రీడింగుల కాపీ జతచేశాను. అతను చెప్పిందే నిజమని, తెలిసీ నోరెత్తనిది నేనని రాశాను. ఉదయం ఆ ఉత్తరం పోస్టు చేసొచ్చాకే ఇది రాయడానికి కూర్చున్నాను. బహుశా నీకంటే ముందే అతనికి అందుతుంది. అతనికి చెప్పాలా వద్దా అన్న నిర్ణయం నీకు వదలదలచుకోలేదు. అలాంటి నిర్ణయం ఒకసారి నా చేతికొస్తే నేనేం చేశానో చూశావు కదా.

అతను వస్తే మెట్లమీద నిలబెట్టకు.

ఇట్లు,
నువ్వేమన్నా పడటానికి సిద్ధంగా ఉన్న
నీ చెల్లెలు
వైశాలి