నల్ల చెక్క మీద సున్నపు గీత

చందానగర్‌లో ఉంటున్న వడ్ల లింగమూర్తి అనే నేను, వడ్రంగి పని చేసేవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. రొమ్ములో రంపపు పొట్టు నిండిందని దవాఖానలో చెప్పారు. తల మాత్రం బాగానే ఉంది. నా తర్వాత ఇందులో రాసినవన్నీ జరిపించే బాధ్యత మదీనాగూడ టింబర్ డిపో సాయిలుది. వాడు బద్ధకస్తుడే గానీ అబద్ధం ఆడడు.

1. నా స్వార్జితమైన ఇల్లు నా భార్య నీలమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. ఆమె మోకాళ్ల నొప్పికని ఎత్తుగా చేసిన పీట కూడా ఆమెదే. దాని మీద చుట్టాలెవరూ కూర్చోవద్దు.

2. ఇంటి పక్కనున్న పని షెడ్డు నా కొడుకు స్వామికి. వాడు ఆఫీసు వ్యాన్ నడుపుతాడు, ఉలి పట్టడు. షెడ్డు కూలగొట్టి కిరాయికి గదులు వేస్తానంటున్నాడు. వేసుకోనీ. వద్దనే ఓపిక నాకిక లేదు.

3. ఉలులు, రంపాలు, చిత్రిక పట్టే రందాలు సమస్తం నా తమ్ముడు రామాంజనేయులుకు. మాదాపూర్ పని చెడినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఇంట్లో తలా ఒక కథ చెబుతున్నారు కనుక జరిగింది రాయిస్తున్నాను. జిట్రేగి చెక్క నల్లగా ఉంటుంది, దాని మీద పెన్సిల్ ఆనదు. దారాన్ని సున్నంలో ముంచి, రెండు కొసలూ బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే తెల్లగా గీత పడుతుంది. ఆ గీత కాస్త లావు. దాన్ని చెక్క మీద మిగిల్చి బయట కోయాలి. మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ రంపంతో గీతను కూడా తినేసి కోస్తాడు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆఫీసుకు జిట్రేగి తలుపులు ఒప్పుకున్నాం. గీతలు నేను పెట్టాను, కోసింది వాడు. బిగించి చూస్తే ప్రతి తలుపూ గీత మందాన తక్కువై పక్కన వెలుతురు. పని పోయింది. "గీత ఉంచి కొయ్యమంటే తింటవేందిరా" అన్నాను నలుగురిలో. "జర సన్నగ పెట్టరాదే అన్నా, నీ గీత గోడంత ఉంటది" అని రంపం పారేసి వెళ్లిపోయాడు. తప్పు వాడిదే. ఇప్పుడూ అదే అంటున్నాను. కానీ ఆ తర్వాత నల్ల చెక్క పని ఒక్కటీ ఒప్పుకోలేదు. వాడు లేకుండా చెయ్యి ఆడలేదు, మనసూ బాగాలేదు.

4. షెడ్డులో గోనె కప్పిన జిట్రేగి పలకలు తమ్ముడి కూతురు భవానికి. నల్లగండ్లలో వాళ్లు కట్టుకుంటున్న ఇంటి ముందు తలుపుకు. చౌకట్టు కొలత సాయిలు తెచ్చిచ్చాడు. గీతలు నేనే పెట్టాను, దారం రెండో కొస నీలమ్మ పట్టింది. ఆయాసంతో మధ్యమధ్యలో కూలబడ్డాను. కోయడం నా వల్ల కాదు.

కోయవలసింది రామాంజనేయులే. ఇంకొకరి రంపం వాటికి తగలకూడదు. వాడు రానంటే పలకలు అట్లే ఉంచాలి, అమ్మకూడదు. వస్తే మాత్రం, పోయినవాడి మాట నిలబెట్టాలని గీత ఉంచి కోయొద్దు. ఎప్పటిలాగే తినేసి కోయాలి. వాడు తినేంత మేర గీతలన్నీ బయటికి జరిపి పెట్టాను.

తేది: 14-11-1999, చందానగర్
(సంతకం) వడ్ల లింగమూర్తి

సాక్షులు:
ఎల్లయ్య, టింబర్ డిపో హమాలీ
పుణ్యవతి, పక్కింటి ఆమె